చాక్లెట్ విందు పేరుతో నాటకం: శామ్యూల్ ఫుట్, ఒక లైసెన్సు చట్టం

రంగస్థలం మీద తనను, తన ప్రభుత్వాన్ని వెటకారం చేయడం భరించలేక బ్రిటన్ ప్రధాని రాబర్ట్ వాల్పోల్ 1737లో ఒక చట్టం తెచ్చాడు. అప్పటినుంచి కొత్త నాటకం ఏదైనా రాజాస్థాన అధికారి లార్డ్ ఛాంబర్లేన్ ఆమోదం పొందాల్సిందే. లండన్‌లో డబ్బు తీసుకుని నాటకాలు ఆడే హక్కు డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ థియేటర్లకే మిగిలింది.

ఆ చట్టంతో జీవితాంతం తలపడ్డ హాస్యనటుడు శామ్యూల్ ఫుట్. 1720లో కార్న్‌వాల్‌లోని ట్రూరోలో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్ చదువు సగంలో ఆగింది, ఆస్తి కరిగి అప్పులు మిగిలాయి. 1744లో ఒథెల్లో వేషంతో రంగమెక్కాడు గానీ విషాద పాత్రలు అచ్చిరాలేదు. ఎదుటివాళ్ల గొంతు, నడక, చేతులు తిప్పే తీరు అచ్చుగుద్దినట్టు దించేయడమే అతని అసలు విద్య.

1747లో హేమార్కెట్‌లోని చిన్న థియేటర్‌లో పేరున్న నటులను అనుకరిస్తూ ప్రదర్శన మొదలుపెడితే అధికారులు ఆపించారు. ఫుట్ పత్రికలో ఇంకో ప్రకటన ఇచ్చాడు: మధ్యాహ్నం తనతో కలిసి చాక్లెట్ తాగడానికి మిత్రులు రావాలని. జనం టికెట్లు కొనుక్కుని వచ్చారు. కుర్ర నటులకు పాఠం చెబుతున్నానంటూ ఫుట్ అవే అనుకరణలు చేసి చూపించాడు. తర్వాత చాక్లెట్ కాస్తా సాయంత్రం టీ అయింది. కాగితం మీద డబ్బు తీసుకున్నది పానీయానికి, నాటకానికి కాదు. ఇంత ధైర్యం, ఇంత సమయస్ఫూర్తి ఉన్న నటులు అరుదు.

అలాగని అతన్ని పూర్తిగా వెనకేసుకురాలేను. 1762లో డబ్లిన్ ప్రచురణకర్త జార్జ్ ఫాక్నర్‌ను ఆయన కర్రకాలితో సహా ఎగతాళి చేశాడు. ఆయన కోర్టుకెక్కాడు. ఫుట్ నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్‌నూ అనుకరించాలనుకున్నాడు. జాన్సన్ గట్టి దుడ్డుకర్ర ధర వాకబు చేస్తున్నాడని తెలిసి మానుకున్నాడు.

1766లో ఒక ప్రభువు ఇంటి విందులో అతిథులు రెచ్చగొడితే పొగరుబోతు గుర్రమెక్కి కిందపడ్డాడు. కాలు తీసేయాల్సి వచ్చింది. అక్కడే ఉన్న రాజుగారి తమ్ముడు యార్క్ డ్యూక్ పశ్చాత్తాపంతో, హేమార్కెట్‌లో వేసవి నెలల్లో నాటకాలాడే లైసెన్సు ఫుట్‌కు జీవితకాలానికి ఇప్పించాడు. ఇరవై ఏళ్ల ఉపాయాలతో దొరకని హక్కు ఒక కాలు పోతే దొరికింది. తర్వాత తన కర్రకాలికి తగ్గ పాత్రలు తానే రాసుకుని వేశాడు.

1772లో ఆడిన ‘ది నాబాబ్’ మనకు దగ్గరి విషయం. ఇండియాలో దోచుకున్న సొమ్ముతో తిరిగొచ్చి పార్లమెంటు సీటు కొనుక్కోవాలనుకునే ఈస్టిండియా కంపెనీ మనిషిని అందులో చీల్చి చెండాడాడు. మన ఉత్తర సర్కార్లను, అంటే కోస్తా జిల్లాలను, అప్పగిస్తూ నిజాం ఆ కంపెనీతో ఒప్పందం చేసుకుని అప్పటికి ఆరేళ్లే.

చివరికి చట్టం అతన్ని 1775లో పట్టుకుంది. ఇద్దరు భర్తల వివాదంలో ఉన్న కింగ్‌స్టన్ డచెస్ మీద రాసిన నాటకానికి లార్డ్ ఛాంబర్లేన్ అనుమతి నిరాకరించాడు. ఆమె పక్షాన ఒక పత్రికా సంపాదకుడు ఫుట్ మీద బురద చల్లాడు. మాజీ పనివాడు లైంగిక దాడి కేసు పెట్టాడు. 1776 డిసెంబరులో నిర్దోషిగా బయటపడ్డా మనిషి కుంగిపోయాడు. మరుసటి నెలలోనే థియేటర్‌ను నాటకకర్త జార్జ్ కోల్‌మన్‌కు అప్పగించాడు. ఫ్రాన్స్‌కు వెళ్తూ 1777 అక్టోబరు 21న డోవర్‌లో చనిపోయాడు.

ఆ రెండు థియేటర్ల గుత్తాధిపత్యం 1843లో పోయింది. నాటకాన్ని ముందే చదివి కత్తెర వేసే అధికారం మాత్రం 1968 దాకా లార్డ్ ఛాంబర్లేన్ చేతిలోనే ఉంది.