ఆ 4 గంటల లెక్క బెజవాడలో చెల్లదు

తల్లిపాలు పిండే పంపు కొంటే డబ్బాలో ఒక చీటీ వస్తుంది. పిండిన పాలు గది ఉష్ణోగ్రతలో 4 గంటలు ఉంటాయని అందులో రాసి ఉంటుంది. అక్కడ గది అంటే 25 డిగ్రీలు దాటని గది. మే నెలలో బెజవాడలోనో గుంటూరులోనో ఏసీ లేని ఇంట్లో అలాంటి గది అర్ధరాత్రి కూడా దొరకదు. ఫ్యాను కింద పెట్టాం కదా అనుకుంటారు. ఫ్యాను గాలికి మన ఒంటి మీది చెమట ఆరుతుంది, అందుకే మనకు హాయి. చెమట పట్టని పాలసీసా గది ఎంత వేడిగా ఉంటే అంత వేడిగానే ఉంటుంది. కుండ నీళ్ళలో దించినా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది గానీ ఫ్రిజ్ ఇచ్చే 4 డిగ్రీలకు ఏ కుండా చేరదు. అందుకని ఈ రెండు ఊళ్ళలో పాలిచ్చే తల్లికి సామాను కొనేవాళ్ళు పంపు గురించి అడిగే ముందు చల్లదనం సంగతి తేల్చుకోవాలి.

అసలు సామాను ఎవరికి కావాలి? బిడ్డ నోరు బాగా పట్టి తాగుతూ, తల్లి ఇంటిపట్టునే ఉంటే దాదాపు ఏమీ అక్కర్లేదు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత వేగంగా పాలు తయారవుతాయి. నిండిపోతే తయారీ మందగిస్తుంది. బిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగితే ఆ పని బిడ్డే చేసేస్తుంది. పంపు, పాలు దాచే సంచులు, ఐస్‌ప్యాకులు కావాల్సింది బిడ్డకు దూరంగా గంటల తరబడి ఉండే తల్లికి, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆసుపత్రి గదిలో ఉన్న తల్లికి, రొమ్ము పాలతో గట్టిపడి బిడ్డకు నోరు పట్టడం కష్టమైన తల్లికి.

గుంటూరులో ఇల్లు, బెజవాడలో ఉద్యోగం అనుకుందాం. 2017లో ప్రసూతి సెలవు చట్టాన్ని సవరించినప్పటి నుంచి మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు. ఆ తర్వాత రోజూ సుమారు 35 కిలోమీటర్లు వెళ్ళి రావాలి. మొదటి ఆరు నెలల్లో బిడ్డ రోజుకు సగటున 750 నుంచి 800 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే గంటకు 30 పైచిలుకు. తల్లి 9 గంటలు బయట ఉంటే 280 నుంచి 300 మిల్లీలీటర్లు చాలు. ఇంటి నిండా పాల సంచులు పేర్చుకోనక్కర్లేదు.

ఆఫీసులో పిండిన పాలను ఇంటికి తెచ్చేది వేడి చొరబడని మందపు గోడల సంచిలో, ఐస్‌ప్యాకుల మధ్య. ఇప్పుడు ఆ ఐస్ లెక్క. 200 మిల్లీలీటర్ల పాలను ఒంటి వేడి 37 నుంచి 4 డిగ్రీలకు దించాలంటే సుమారు 26 కిలోజౌళ్ళ వేడిని లాగెయ్యాలి. ఒక గ్రాము మంచు కరిగితే 334 జౌళ్ళు పీల్చుకుంటుంది. అంటే 80 గ్రాముల మంచు సరిపోతుంది. మరి 400 గ్రాముల ఐస్‌ప్యాకులు రెండు పెట్టమని ఎందుకంటారు? మిగతా మంచంతా సంచి గోడల్లోంచి చొరబడే ఎండతో పోరాడటానికి. గడ్డకట్టిన ప్యాకులు సీసాలను తాకుతూ ఉంటే మంచి సంచిలో పాలు 24 గంటలు నిలుస్తాయన్నది మామూలు లెక్క. బస్సు కిటికీ పక్కన ఎండలో పెట్టిన సంచికి ఆ లెక్క ఇవ్వకండి. ప్యాకులు ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టాలి, పొద్దున పెట్టినవి పైపైన మాత్రమే గడ్డకడతాయి. సంచిలో ఖాళీ జాగా మిగిలితే మడిచిన తువ్వాలుతో నింపాలి. మూత తెరిచిన ప్రతిసారీ ఆ ఖాళీలోకే వేడి గాలి దూరుతుంది. ప్యాకులు కొనకపోయినా అర లీటరు నీళ్ళ సీసా గడ్డకట్టించి వాడొచ్చు. సీసా మెడ దాకా నింపితే పగులుతుంది, నీరు మంచయ్యేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి. పాల సంచిలో పైన వేలెడు ఖాళీ వదలమనేదీ అందుకే.

ఇంట్లో ఫ్రిజ్‌లో పాలు తలుపు అరలో పెట్టకండి, లోపలి గోడకు ఆనించి పెట్టండి. అక్కడ 4 రోజులు ఉంటాయి. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైనుండే చిన్న ఐస్ పెట్టెను చాలామంది ఫ్రీజర్ అనుకుంటారు. అందులో 2 వారాలకు మించి నమ్మకూడదు. వేరే తలుపున్న ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు నిలబెడుతుంటే 6 నెలలలోపు వాడుకోవచ్చు. కరెంటు పోతే తలుపు తెరవకపోవడమే మందు. తెరవని ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది, ఎండాకాలంలో ఇంకాస్త తక్కువే అనుకోండి. గడ్డకట్టిన పాలలో ఇంకా మంచు పలుకులు కనిపిస్తుంటే మళ్ళీ గడ్డకట్టించొచ్చు. పూర్తిగా కరిగిపోతే ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో వాడెయ్యాలి. అప్పుడే పిండిన వెచ్చటి పాలను చల్లటి పాలలో కలపకండి, ముందు చల్లబరిచి తర్వాత కలపండి. ఒక్కో సంచిలో 60 నుంచి 100 మిల్లీలీటర్లు చాలు, ఎందుకంటే బిడ్డ తాగగా మిగిలింది 2 గంటలు దాటితే పారబొయ్యాల్సిందే. సంచి మీద తేదీ రాయడం మర్చిపోతే ఈ జాగ్రత్తలన్నీ వృథా.

పాలు పొయ్యి మీద కాచి ఇవ్వడం మన అలవాటు, తల్లిపాలకు అది పనికిరాదు. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టి, మీగడ కలిసేలా నెమ్మదిగా తిప్పితే చాలు. మైక్రోవేవ్ వద్దు, అది అక్కడక్కడా ఎక్కువ వేడెక్కించి నోరు కాలుస్తుంది. ఫ్రీజర్‌లోంచి తీసిన పాలు సబ్బు వాసన వేస్తే చెడిపోయాయని కంగారు పడతారు. పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వును విడగొట్టడం వల్ల వచ్చే వాసన అది, హాని లేదు. బిడ్డ తాగకపోతే మాత్రం ఇకమీదట పిండగానే అంచున చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, వెంటనే చల్లార్చి, అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టాలి. కాచకూడదన్న మాటకు మినహాయింపు ఇదొక్కటే.

ఇక పంపు. దుకాణంలో మోటారు గురించి గంటసేపు చెబుతారు, రొమ్ముకు ఆనే గరాటు కొలత గురించి ఒక్క ముక్క చెప్పరు. పంపు పనిచేసేదీ బాధపెట్టేదీ ఆ గరాటు దగ్గరే. డబ్బాలో ఎక్కువగా 24 మిల్లీమీటర్లది వస్తుంది. స్కేలుతో చనుమొన మొదలు దగ్గర అడ్డుకొలత తీసుకుని, దానికి 1 నుంచి 3 మిల్లీమీటర్లు కలిపితే మీ కొలత. చుట్టూ ఉన్న నల్లటి భాగాన్ని కొలవకూడదు. 16 మిల్లీమీటర్ల మొనకు 24 గరాటు పెడితే నల్లభాగమంతా గొట్టంలోకి సాగి వాస్తుంది, పాలు తగ్గుతాయి. మరీ చిన్నదైతే మొన గోడలకు ఒరుసుకుని పుండవుతుంది. పెద్ద గరాటులో అమర్చే సిలికాన్ తొడుగులు విడిగా దొరుకుతాయి, కొత్త పంపు కొనే ముందు అవి చూడండి.

పీడనం పెంచితే పాలు పెరగవు. మొదట ఒకటి రెండు నిమిషాలు బిడ్డ తాగడం మొదలుపెట్టినట్టు తేలిగ్గా, వేగంగా లాగాలి. పాలు దిగాక నెమ్మదిగా, లోతుగా. పాలు దిగేలా చేసేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్, నొప్పి పుడితే అది వెనక్కి తగ్గుతుంది. రెండువైపులా ఒకేసారి లాగే పంపుతో 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. నిన్నటిదాకా బాగా లాగిన పంపు ఇవాళ లాగకపోతే మోటారును అనుమానించకండి. గరాటు కింద బాతుముక్కులా ఉండే చిన్న సిలికాన్ వాల్వును వెలుతురుకు పట్టి చూడండి. దాని చీలిక పూర్తిగా మూసుకోకపోతే గాలి లోపలికి కారుతోందన్న మాట. రోజూ వాడితే అది కొన్ని నెలలకే సాగిపోతుంది. బ్రష్షు లోపలికి దూర్చి కడిగితే ఇంకా ముందే చిరుగుతుంది. బోరునీళ్ళలో మరిగించే ఇళ్ళలో దాని మీద తెల్లటి సున్నపు పొర కట్టి కూడా మూసుకోదు. కాస్త నిమ్మరసం కలిపిన నీళ్ళలో నానబెట్టి కడిగితే పొర పోతుంది. మరిగించేటప్పుడు గిన్నె అడుగున ఒక పాత గుడ్డ వేయండి, లేకపోతే సిలికాన్ అడుగుకు అంటుకుని కాలుతుంది. 10 నిమిషాలు చాలు.

అక్క వాడిన పంపు చెల్లెలికి ఇవ్వడం మనిళ్ళలో మామూలే. పాలు, ఆవిరి మోటారులోకి పోకుండా మధ్యలో తెర ఉండి, ఒకరికి మించి వాడేందుకే తయారైన పంపయితే గరాటు, వాల్వు, గొట్టాలు కొత్తవి కొని వాడుకోవచ్చు. ఆ తెర లేనిది ఒకరి నుంచి ఇంకొకరికి ఇవ్వకూడదు, లోపల చేరిన తేమలో బూజు పడితే కడిగే దారి లేదు.

మొదటి రెండు మూడు రోజుల్లో మాత్రం పంపు జోలికే పోనక్కర్లేదు. ముర్రుపాలు వచ్చేది చెంచాల లెక్కన, చిక్కగా. పంపు పెడితే అవన్నీ గరాటు గోడలకే అంటుకుపోతాయి. చేత్తో పిండడమే నయం. బొటనవేలు పైన, చూపుడు వేలు కింద, మొనకు 2, 3 సెంటీమీటర్ల వెనక పెట్టి, ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత రెండు వేళ్ళనూ దగ్గరికి తేవాలి. వేళ్ళు చర్మం మీద జారకూడదు, జారితే మంట. మొదటి నిమిషం చుక్క రాకపోయినా ఆపకండి. లోపలికి ముడుచుకున్న చనుమొనకు 10 మిల్లీలీటర్ల సిరంజి చవకైన ఉపాయం: సూది పెట్టే కొసను కోసేసి, పిస్టన్‌ను ఆ కోసిన వైపు నుంచి దూర్చి, నున్నటి వైపు మొనకు ఆనించి మెల్లగా లాగి అర నిమిషం ఉంచాలి. పాలిచ్చే ముందు ఇలా చేయాలి, రోజుకు కొన్నిసార్లు చాలు. మొదటిసారి నర్సు చేత చూపించుకోండి.

పిండిన పాలు పట్టడానికి మనకు ఉగ్గుగిన్నె ఉండనే ఉంది. పురిటి పిల్లల వార్డుల్లో పాలాడై అంటున్నది దీన్నే. మూలలు, ఇరుకులు లేని గిన్నె కాబట్టి కడగడం తేలిక, బిడ్డకు రబ్బరు పీక అలవాటు కాదు. పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని 1992లోనే మన దేశంలో చట్టం వచ్చింది. గిన్నె వాడే తీరు మాత్రం మారాలి. కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి గొంతులో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. బిడ్డను సగం కూర్చున్నట్టు పట్టుకుని, గిన్నె ముక్కు పెదవి మూలన ఆనించి, కొద్దికొద్దిగా వంచి, మింగేదాకా ఆగాలి. అందులో వస, ఆముదం రంగరించే పాత అలవాటు ఆరు నెలల లోపు బిడ్డకు వద్దు. ఎండాకాలమని నీళ్ళూ వద్దు. తల్లిపాలలో సుమారు 88 శాతం నీరే.

చనుమొన చీలికలకు క్రీముల కన్నా ముందు బిడ్డ నోరు పట్టే తీరు సరిచూడాలి. మొన ఒక్కటే నోట్లో ఉంటే ఏ క్రీము రాసినా చీలిక మానదు. కారే పాలకు ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్లు మన ఉక్కపోతలో తడిని పట్టి ఉంచి బూజు రకం ఇన్ఫెక్షన్‌కు తావిస్తాయి. వాడి మెత్తబడిన మంగళగిరి నూలు చీరను నాలుగు మడతల గుండ్రాలుగా కత్తిరించి కుట్టుకుంటే ఉతికి ఎండలో ఆరేసుకోవచ్చు. ఒక డజను ఉంటే రోజు గడుస్తుంది. బ్రా తీగ లేనిది, కాస్త వదులుది. బిగుతైతే ఒకచోట పాలు నిలిచి గడ్డ కడుతుంది. గడ్డ దగ్గర ఎర్రబడి చలిజ్వరం వస్తే వేడి కాపడాలు, గట్టి మర్దనలు ఆపి, చల్లటి గుడ్డ వేసి, పాలివ్వడం మానకుండానే డాక్టరుకు చూపించాలి. బెజవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో రెండు జిప్పుల నైటీలు గుట్టలుగా ఉంటాయి. కొనేటప్పుడు ఒంటిచేత్తో జిప్పు లాగి చూడండి, రెండో చేతిలో బిడ్డ ఉంటుంది.