మధ్యాహ్నం వాడిన చేను, లేత జొన్న: కొన్ని అపోహలు - వాస్తవాలు

వ్యవసాయ విస్తరణలో ఉద్యోగం కాబట్టి నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు చేల గట్ల మీదే నాకు సగం రోజు గడుస్తుంది. అక్కడ తరచూ వినే మాటలివి.

అపోహ: మధ్యాహ్నం ఆకు వాలితే వెంటనే నీళ్లు పెట్టాలి.

వాస్తవం: పొద్దుగూకాక మళ్లీ చూడండి. వేరు లాగే నీటికన్నా ఎండకు ఆవిరయ్యేది ఎక్కువైతే ఆకు వాలుతుంది. మొక్క ఆకులోని సన్నటి రంధ్రాలు మూసుకుని నీళ్లు కాపాడుకుంటుంది. పల్లి, కంది ఆకులైతే ఎండ నేరుగా తగలకుండా పక్కకు తిరుగుతాయి. తెల్లవారినా వాలే ఉంటే అప్పుడు మోటారు వేయండి.

అపోహ: బత్తాయికి నీళ్లాపితే తోట పోతుంది.

వాస్తవం: ఇది కొత్తగా తోట కొన్న పట్నంవాళ్ల టెన్షన్. నల్లగొండ రైతుకు చెప్పక్కర్లేదు. కొన్నాళ్లు బెట్టకు వదిలి మళ్లీ నీళ్లిస్తే పూత ఒక్కసారిగా వస్తుంది. చల్క (ఎర్ర ఇసుక) నేలలో మాత్రం ఎక్కువ రోజులు ఎండబెట్టకండి, కొమ్మలే ఎండుతాయి.

అపోహ: పురుగు పడితే మొక్క చేసేదేమీ లేదు, మందు కొట్టాల్సిందే.

వాస్తవం: పురుగు కొరికిన మక్క, పత్తి ఆకులు ఒక రకం వాసన వదులుతాయి. దాన్ని పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి పురుగులో గుడ్లు పెడతాయి. మక్క ఆకును కత్తెరతో కోస్తే అంత వాసన రాదు, పురుగు ఉమ్మి తగలాలి! పత్తి ఆకు కింద నడిమి ఈనె మీద చిన్న తేనె గుంట కూడా ఉంటుంది. చీమలకు, కందిరీగలకు అది విందు. ఆముదంలో దాసరి పురుగు వెనక భాగానికి గోధుమ రంగు కందిరీగ గూడు అతుక్కుని ఉంటే ఆ పురుగు పని అయిపోయినట్టే. అలాంటివి ఎక్కువగా కనబడే చేలో మందు కొడితే పోయేది మన కందిరీగలే. పురుగు మరీ ఎక్కువైతే మందు తప్పదు, కాదనను. కానీ ముందు ఆకు తిప్పి చూడండి.

అపోహ: లేత జొన్న మేసి గొడ్డు పడిపోతే గాలి సోకినట్టు.

వాస్తవం: గాలీ కాదు, దిష్టీ కాదు, సైనైడ్. జొన్న మొక్క ఒక పదార్థాన్ని ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైమును మరోచోట దాచుకుంటుంది. గొడ్డు నమిలితే రెండూ కలిసి విషం పుడుతుంది. మొక్కకు ఇది రక్షణ, మనకు బర్రె నష్టం. లేత మొక్కలో, బెట్టకు గిడసబారిన చేలో, కోసిన మొదళ్ల నుంచి వచ్చే పిలకల్లో ఇది ఎక్కువ. వానలు ముఖం చాటేసిన ఏడాది మేత కరువుతో గొడ్లను అందులోకే తోలుతారు. ఆయాసం, నోట నురగ, తూలడం కనబడితే పశువుల డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి. దీనికి ఇంజెక్షన్ ఉంది, కానీ టైం నిమిషాల్లోనే. దిష్టి తీసేలోపే చేయి దాటిపోతుంది. పూత వచ్చేదాకా ఆ చేలోకి గొడ్లను తోలకండి.