స్ట్రాంబర్గ్ 97 కారుతూనే ఉంటుందా? ఫ్లాట్‌హెడ్ హాట్ రాడ్ కార్బురేటర్లపై అపోహలు – వాస్తవాలు

1932లో ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 (వాల్వులు సిలిండర్ బ్లాకులోనే ఉండి, తల చదునుగా ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) సామాన్యుడికి అందే ధరలో వచ్చింది. కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డులను తేలిక చేసి, ఇంజిన్ మీద గాలిలో పెట్రోల్ కలిపి ఇచ్చే కార్బురేటర్లు ఒకటికి రెండు మూడు ఎక్కించి, ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించారు. హాట్ రాడ్ పుట్టింది అలాగే. ఆ ఇంజిన్ల మీద ఎక్కువగా కనబడే కార్బురేటర్లు రెండు: స్ట్రాంబర్గ్ 97, హోలీ 94. పేరులోని అంకె వెంచురీ (గాలి దారిలో ఇరుకైన చోటు) గొంతు కొలత. 97 అంటే 0.97 అంగుళం, 94 అంటే 0.94 అంగుళం. రెండూ రెండు గొంతులవే, రెండూ మూడు బోల్టుల మీద కూర్చునేవే. వీటికి అంటిన చెడ్డపేరులో చాలా భాగం వీటిది కాదు.

అపోహ: 97 అంటే పెట్రోల్ కారడం దాని పుట్టుకతోనే వచ్చింది.

ఈ మాట వినని హాట్ రాడ్ గ్యారేజీ ఉండదు. అసలు సంగతి పంపు దగ్గర ఉంది. 97కి కావలసిన పెట్రోల్ ప్రెషర్ రెండున్నర పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), మహా అయితే మూడు. ఆ రోజుల్లో క్యామ్‌షాఫ్ట్ మీద నడిచిన ఫోర్డ్ పంపు దాదాపు అంతే ఇచ్చేది. ఇప్పుడు దుకాణంలో చేతికందిన ఎలక్ట్రిక్ పంపు ఐదు నుంచి ఏడు పీఎస్ఐ వరకు తోస్తుంది.

కార్బురేటర్ గిన్నెలోకి పెట్రోల్ వచ్చే దారిని మూసే సూది నీడిల్. అది కూర్చునే సీటు రంధ్రం అంగుళంలో పదో వంతు అనుకుని లెక్క వేయండి. రెండున్నర పీఎస్ఐ దగ్గర నీడిల్ మీద పడే బరువు సుమారు 9 గ్రాములు. ఆరు పీఎస్ఐ దగ్గర అది 21 గ్రాములు దాటుతుంది. ఆ నీడిల్‌ను ఆపాల్సింది గిన్నెలో తేలే చిన్న ఇత్తడి ఫ్లోట్ ఒక్కటే. అది ఓడిపోతే గిన్నెలో మట్టం పెరుగుతుంది, పెట్రోల్ గొంతులోకి పొంగుతుంది, థ్రాటిల్ షాఫ్ట్ (గాలి దారిని తెరిచి మూసే ప్లేట్ల ఇరుసు) చివరల నుంచి బయటికి చెమ్మగిల్లుతుంది. చూసినవాళ్ళు కార్బురేటర్ పగిలిందనుకుంటారు.

అందుకే కార్బురేటర్ విప్పకముందు ప్రెషర్ గేజ్ పెట్టండి. ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్‌కీ కార్బురేటర్‌కీ మధ్యలో, ఇంజిన్ నడుస్తుండగా చూడాలి. చౌక రెగ్యులేటర్లలో ఇంజిన్ వేగంగా నడిచేటప్పుడు ముల్లు బాగానే ఉంటుంది. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు), పెట్రోల్ వాడకం తగ్గినప్పుడు, మెల్లగా పైకి పాకుతుంది. ఆ పాకడం కనిపిస్తే రెగ్యులేటర్ మార్చాలి. అసలు రెండు మూడు పీఎస్ఐ మాత్రమే ఇచ్చే పంపే కొనుక్కుంటే ఇంకా మంచిది.

ప్రెషర్ సరిగ్గా ఉందని తేలాకే ఫ్లోట్ మట్టం చూడాలి. 97కి లెక్క: గిన్నె పై అంచు నుంచి పెట్రోల్ దాకా 15/32 అంగుళం, అంటే ఇంచుమించు 12 మిల్లీమీటర్లు. అటూ ఇటూ 1/32 అంగుళం తేడా ఫరవాలేదు. ఇంజిన్ కాసేపు నడిపి ఆపండి. వేడి తగ్గాక, దగ్గర్లో నిప్పురవ్వ లేకుండా చూసుకుని, మూత తీసి గాస్కెట్ ఒలిచేయండి. ఉక్కు స్కేలు నిలువుగా దించండి. గోడ పక్కన పెట్రోల్ పైకి ఎగబాకి ఉంటుంది కాబట్టి గిన్నె మధ్యలో కొలవాలి. తేడా ఉంటే ఫ్లోట్ బయటికి తీసి నీడిల్‌ను తోసే దాని నాలుకను రవంత వంచండి. ఫ్లోట్‌ను నీడిల్ మీదికి నొక్కి పట్టి వంచితే నీడిల్ మొన మీద గాటు పడుతుంది, ఆ తర్వాత ఏ మట్టమూ నిలవదు. ఫ్లోట్ చెవి దగ్గర ఊపితే లోపల గలగలమంటే పెట్రోల్ చేరిందన్నమాట. వేడి నీళ్ళలో ముంచితే బుడగ వచ్చిన చోటే చిల్లు.

అపోహ: రెండు 97లు పెట్టగానే పికప్ పోయింది, కాబట్టి లోపం కార్బురేటర్లదే.

1949 నుంచి 1953 దాకా వచ్చిన 8బీఏ రకం ఫ్లాట్‌హెడ్‌లో ఈ ఫిర్యాదు ఎక్కువ. కొత్త జెట్లు (పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రాల ముక్కలు), కొత్త కిట్లు, మళ్ళీ కొత్త జెట్లు అంటూ డబ్బు పోస్తూనే ఉంటారు. అసలు దోషి ఇంజిన్ ముందు భాగంలో కూర్చుని, స్పార్క్ ప్లగ్‌లకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్.

ఆ ఏళ్ళలో ఫోర్డ్ వాడిన లోడ్-ఓ-మాటిక్ డిస్ట్రిబ్యూటర్‌లో సెంట్రిఫ్యూగల్ వెయిట్లు (వేగానికి బయటికి విచ్చుకునే బరువులు) ఉండవు. వేగం పెరిగితే టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ముందుకు జరగడానికి దానికున్న ఆధారం కార్బురేటర్ నుంచి వచ్చే వాక్యూమ్ ఒక్కటే. అది కూడా మామూలు మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి సిలిండర్లకు వెళ్ళే గొట్టం) వాక్యూమ్ కాదు. వెంచురీ దగ్గరి పీల్పును కలుపుకుని వచ్చే సిగ్నల్. ఆ ఇంజిన్‌తో వచ్చిన హోలీలో అందుకు తగ్గ దారులున్నాయి. 1936–38 నాటి 97లో లేవు. రెండు 97లు బిగించి, డిస్ట్రిబ్యూటర్ గొట్టానికి బిరడా కొడితే టైమింగ్ ఉన్నచోటే ఉండిపోతుంది. కొందరు ఆ గొట్టాన్ని నేరుగా మానిఫోల్డ్‌కు కలుపుతారు. అప్పుడు ఐడ్లింగ్‌లో టైమింగ్ బాగా ముందుకుపోతుంది, యాక్సిలరేటర్ తొక్కగానే, సరిగ్గా అవసరమైనప్పుడు, వెనక్కి పడిపోతుంది. ఇది ఇంకా అధ్వానం.

తేల్చుకోవడానికి టైమింగ్ లైట్ చాలు. ఐడ్లింగ్‌లో గుర్తు ఎక్కడుందో చూడండి. 2500 ఆర్‌పీఎం దాకా పెంచి మళ్ళీ చూడండి. గుర్తు కదలకపోతే కార్బురేటర్ మీద చెయ్యి వేయకండి. సెంట్రిఫ్యూగల్ వెయిట్లున్న డిస్ట్రిబ్యూటర్ పెట్టడం ఒక్కటే సరైన మందు. 1948 వరకు వచ్చిన ఫ్లాట్‌హెడ్‌లకు ఈ బాధ లేదు, వాటి డిస్ట్రిబ్యూటర్‌లో వెయిట్లు ఉన్నాయి.

అపోహ: 94 నాసిరకం, అసలు సిసలు హాట్ రాడ్‌కు 97 మాత్రమే.

చూడ్డానికి 97 అందంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. రోజూ రోడ్డు మీద తిప్పే బండికి మాత్రం మంచి స్థితిలో ఉన్న 94 ఏమాత్రం తక్కువ కాదు. తేడా పవర్ వాల్వ్ (భారం పెరిగినప్పుడు అదనపు పెట్రోల్ ఇచ్చేది) దగ్గరుంది. 97లో అది యాక్సిలరేటర్ పంపు పిస్టన్ పూర్తిగా కిందికి దిగినప్పుడు దాని ఒత్తిడికే తెరుచుకుంటుంది. 94లో డయాఫ్రమ్ (పలుచని పొర) ఉంటుంది, మానిఫోల్డ్ వాక్యూమ్ పడిపోతే తెరుచుకుంటుంది. ఇంజిన్ ఒక్కసారి గట్టిగా బ్యాక్‌ఫైర్ కొడితే ఆ డయాఫ్రమ్ చిరిగిపోవచ్చు. చిరిగితే పచ్చి పెట్రోల్ నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతుంది. ఐడ్లింగ్ పెట్రోల్‌ను సవరించే మిక్స్చర్ స్క్రూలు రెండూ బిగించేసినా ఇంజిన్ నల్లపొగతో నడుస్తూనే ఉంటుంది. ఆ లక్షణం కనిపిస్తే ముందు పవర్ వాల్వ్‌నూ, దాని కింది గాస్కెట్‌నూ అనుమానించాలి. కార్బురేటర్ దించి, అడుగున వాక్యూమ్ రంధ్రానికి చేతిపంపు తగిలించి పీల్చండి. ముల్లు నిలబడాలి.

ఇంకో చిక్కు రేసు క్యామ్ (వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచేది) వేసినవాళ్ళది. ఐడ్లింగ్ వాక్యూమ్ (పాదరసం కొలతలో) 10 అంగుళాలకు పడిపోయిన ఇంజిన్‌లో 7.5 దగ్గర తెరుచుకునే వాల్వ్ పెడితే అది మాటిమాటికీ తెరుచుకుంటుంది. ఐడ్లింగ్ వాక్యూమ్‌లో సగం దగ్గర తెరుచుకునేది ఎంచుకోండి.

అపోహ: మూడు కార్బురేటర్లంటే ఇంజిన్ పెట్రోల్‌లో మునిగిపోతుంది.

లెక్క చూద్దాం. 239 ఘనపుటంగుళాల ఇంజిన్ 4500 ఆర్‌పీఎం దగ్గర, 80 శాతం నిండుతుందనుకుంటే, నిమిషానికి సుమారు 250 ఘనపుటడుగుల గాలి పీలుస్తుంది. ఒక 97 సుమారు 150 ఇస్తుంది, మూడు పెడితే 450. అయితే రెండు గొంతుల కార్బురేటర్లను 3 అంగుళాల పాదరసం పీల్పు దగ్గర కొలుస్తారు, నాలుగు గొంతులవాటిని 1.5 దగ్గర. ఒకే తూకంలో పెట్టాలంటే 450ని 1.41తో భాగించాలి. వచ్చేది 320. ఇంజిన్‌ను ముంచేంత ఎక్కువేమీ కాదు.

ఇబ్బంది గాలి కొలతతో కాదు, తక్కువ వేగంలో. మూడింటినీ ఒకేసారి తెరిస్తే ఒక్కో గొంతులో పీల్పు బలహీనపడి జెట్ నుంచి పెట్రోల్ సరిగ్గా లేవదు. అందుకే మధ్యదాన్ని మాత్రం ముందు తెరిచి, చివరి రెండింటినీ ఆలస్యంగా తెరిచే ప్రోగ్రెసివ్ లింకేజీ (కార్బురేటర్లను కలిపే కడ్డీల అమరిక) వాడతారు. ఆ చివరివాటికి ఐడ్లింగ్ దారులు మూసేస్తారు కాబట్టి వాటి థ్రాటిల్ ప్లేట్లు పూర్తిగా మూసుకోవాలి. అడుగు భాగాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడండి, అంచు చుట్టూ వెలుగు గీత కనిపించకూడదు. కనిపిస్తే ప్లేటు స్క్రూలు వదులు చేసి, ప్లేటును దానంతట అది సర్దుకోనిచ్చి మళ్ళీ బిగించండి. ఆ స్క్రూల చివరలు కొట్టి చదును చేయడం మరవొద్దు, ఊడితే నేరుగా సిలిండర్‌లోకే. బండి తీసిన ప్రతిసారీ ఒకసారైనా పూర్తిగా తొక్కండి, లేకపోతే చివరి గిన్నెల్లో పెట్రోల్ నెలల తరబడి నిల్వ ఉండి జిగురవుతుంది. రోడ్డు బండికి మా ఓటు రెండింటికే.

అపోహ: వీటి ట్యూనింగ్ వారం కూడా నిలవదు.

నిలవనిది థ్రాటిల్ షాఫ్ట్ అరిగిన కార్బురేటర్లలో. వీటి అడుగు భాగం పోత ఇనుము. ఎనభై ఏళ్ళపాటు షాఫ్ట్ తిరిగి తిరిగి ఆ రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అక్కడి నుంచి లెక్కలో లేని గాలి దూరుతుంది, షాఫ్ట్ ప్రతిసారీ వేరే చోట ఆగుతుంది. అందుకే ఈరోజు కుదిరిన ఐడ్లింగ్ రేపు కుదరదు. ఐడ్లింగ్‌లో షాఫ్ట్ చివర ఒక చుక్క ఇంజిన్ ఆయిల్ వేయండి. ఇంజిన్ శబ్దం మారితే గాలి అక్కడి నుంచే. అడుగు భాగాన్ని రీమ్ చేసి కంచు బుష్‌లు వేయించాలి. రెండు వైపులా ఒకే వరసలో రీమ్ చేయగల లేత్ పనివాడికే ఇవ్వండి, వరస తప్పితే షాఫ్ట్ బిగుసుకుంటుంది.

బుష్‌లు పడ్డాక సింక్ చేయడం, అంటే రెండు కార్బురేటర్లను సమానంగా పనిచేయించడం, తేలిక. లింకేజీ విడదీసి, మిక్స్చర్ స్క్రూలన్నీ ఒకటిన్నర చుట్టు తెరిచి, గాలి కొలిచే మీటరుతో రెండు కార్బురేటర్లనూ సమానం చేసి, ఆ తర్వాత స్క్రూలను పావు చుట్టు చొప్పున సవరించండి. లింకేజీ చివర్లో కలపాలి. ఏదైనా స్క్రూ తిప్పితే ఇంజిన్‌లో మార్పే లేకపోతే అక్కడి ఐడిల్ ట్యూబ్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ప్లేటు అవసరానికి మించి తెరుచుకుని ఉంటుంది.

అపోహ: పెట్రోల్ పైపుకు చెక్క బట్టల క్లిప్పులు తగిలిస్తే వేపర్ లాక్ (పైపులో పెట్రోల్ ఆవిరై పారకపోవడం) రాదు.

అమెరికాలో దశాబ్దాలుగా నడుస్తున్న నమ్మకం ఇది. పారే పెట్రోల్ వేడిని ఆ చెక్క ముక్క లాగేయలేదు. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్ళించడం, కార్బురేటర్ కింద వేడి ఆపే ఫినాలిక్ స్పేసర్ వేయడం నిజంగా పనిచేస్తాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ త్వరగా ఆవిరవుతుంది కాబట్టి ఈ రెండూ ఇప్పుడు మరీ అవసరం.

ఇథనాల్ మిశ్రమాన్ని లీన్ (గాలికి పెట్రోల్ తక్కువ) కూడా చేస్తుంది. స్వచ్ఛమైన పెట్రోల్‌కు గాలి నిష్పత్తి 14.7, పది శాతం ఇథనాల్ ఉన్న ఈ10కి సుమారు 14.1, ఇరవై శాతం ఉన్న ఈ20కి సుమారు 13.5. 97 మెయిన్ జెట్ అంకె అంగుళంలో వెయ్యో వంతులు, కంపెనీ నుంచి వచ్చేది 45. ఈ10కి 46, ఈ20కి 47 దగ్గర మొదలుపెట్టి స్పార్క్ ప్లగ్ రంగు చూడండి. మన దగ్గర బంకుల్లో ఈ20 పోయించుకుంటూ పాత జీపో అంబాసిడరో నడిపేవాళ్ళకూ జెట్ వ్యాసం ఇదే దామాషాలో, నూటికి నాలుగైదు వంతులు, పెంచుకోవచ్చు. పవర్ వాల్వ్ అంకె మాత్రం డ్రిల్ సైజు. అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, తికమక పడొద్దు. జెట్ మీది అంకెను కూడా గుడ్డిగా నమ్మకండి. ఎవరో ఎప్పుడో డ్రిల్ పెట్టి పెద్దది చేసి ఉంటారు, పిన్ గేజ్‌తో కొలవండి.

అపోహ: గాస్కెట్ దగ్గర కారుతుంటే ఇంకాస్త బిగించాలి.

వద్దు. పై భాగాలు జింక్ పోత, బిగించేకొద్దీ చెవులు వంగుతాయి, మధ్యలో సందు పెరుగుతుంది. గాజు పలక మీద సన్నని ఎమెరీ పేపర్ పరిచి అంచును చదును చేసి కొత్త గాస్కెట్ వేయండి.

అపోహ: టీపాట్ పెట్టిన బండి తగలబడి తీరుతుంది.

1950ల్లో లింకన్, మెర్క్యురీ, ఫోర్డ్ వీ8ల మీద వచ్చిన నాలుగు గొంతుల హోలీ 4000కి టీపాట్ అని ముద్దుపేరు, మంటల భయంతో పెట్టిన చెడ్డపేర్లూ ఉన్నాయి. పెట్రోల్ గిన్నె ఎత్తున ఉంటుంది కాబట్టి గాస్కెట్ వదిలితే కారేది వేడి మానిఫోల్డ్ మీదికే. భయం నిరాధారం కాదు. కానీ అంచు చదునుగా ఉండి, సరైన గాస్కెట్ పడి, ప్రెషర్ అదుపులో ఉంటే అది కుదురుగానే నడుస్తుంది. దాన్ని తీసి కొత్త కార్బురేటర్ పెట్టాలనుకుంటే డిస్ట్రిబ్యూటర్ ముందు చూడండి, లోడ్-ఓ-మాటిక్ అయితే రెండూ కలిపి మార్చాల్సిందే. అలాగే ఉంచుకుంటే నెలకోసారి గిన్నె అతుకు చుట్టూ తెల్ల కాగితం తిప్పి తడి చూడండి, సీటు కింద ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి ఉంచండి.