నీలి తెర మీది పేరు దొంగది కాకపోవచ్చు

నా పాత ల్యాప్‌టాప్‌కు ఒక వింత జబ్బు ఉండేది. రోజంతా బాగానే పనిచేసేది. మూత మూసి, గంట తర్వాత తెరిస్తే మాత్రం స్క్రీన్ కాసేపు నల్లగా ఉండిపోయి, ఆ తర్వాత నీలంగా మారేది. ఏడుపు ముఖం బొమ్మ ఒకటి, దాని కింద "డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్" అనే నాలుగు ముక్కలు. పోనీ రోజూ వస్తుందా అంటే అదీ లేదు, వారానికి రెండు మూడు సార్లు. రోజూ వచ్చే జబ్బుకు మందు వెతకడం తేలిక, దాగుడుమూతలాడే జబ్బుతోనే టెన్షన్. పడిపోయినప్పుడల్లా విండోస్ రాసి పెట్టే క్రాష్ ఫైలును ఏదో ఉచిత ప్రోగ్రాంతో తెరిచి చూస్తే విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఫైలు పేరు చూపించింది. అయితే విండోసే పాడైందని తీర్మానించుకుని, ఒక ఆదివారం మొత్తం తగలేసి, అంతా తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మూడో రోజుకు నీలి తెర మళ్లీ ప్రత్యక్షం.

ఆ ఆదివారం ఎందుకు దండగైందో తెలియాలంటే ముందు డ్రైవర్ సంగతి తెలియాలి. డ్రైవర్ అంటే దుబాసీ. వైఫై చిప్, గ్రాఫిక్స్ కార్డు, ప్రింటర్, టచ్‌ప్యాడ్, ఇలా ఒక్కో పరికరానిది ఒక్కో భాష. ఇన్ని వేల భాషలు ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకోలేదు, నేర్చుకోవాల్సిన పనీ లేదు. "ఈ పేజీ ప్రింట్ చెయ్యి" అని అది ఒక మాట అంటుంది. ఆ మాటను ఆ ప్రింటర్‌కు అర్థమయ్యే సంకేతాల్లోకి మార్చి చెప్పేది డ్రైవర్. దాన్ని ఎక్కువగా ఆ పరికరం చేసిన కంపెనీయే రాసిస్తుంది. ఇక్కడిదాకా గొడవ లేదు. ఈ దుబాసీని ఎక్కడ కూర్చోబెట్టామన్న దగ్గరే చిక్కంతా.

బ్రౌజర్, ఆటలు, వీడియో ప్లేయర్ లాంటివి నడిచే చోటును యూజర్ మోడ్ అంటారు. అక్కడ ప్రతి ప్రోగ్రాంకూ తనదైన మెమరీ గది ఉంటుంది, మధ్యలో గోడలుంటాయి. ఒకటి పిచ్చి పని చేస్తే ఆ ఒక్కటే మూతపడుతుంది. కెర్నల్ మోడ్‌లో ఈ గోడలుండవు. ఇంటెల్ ప్రాసెసర్లు నాలుగు అంచెల అధికారాన్ని ఇచ్చినా విండోస్, లినక్స్ ప్రధానంగా వాడుకునేవి రెండే: అన్ని అధికారాలూ ఉన్న 0, ఏ అధికారమూ లేని 3. చాలా డ్రైవర్లు ఆ సున్నా అంచెలో, ఆపరేటింగ్ సిస్టమ్ పక్కనే కూర్చుంటాయి. ప్రతి చిన్న మాటకూ గోడ దాటి వెళ్లాలంటే వేగం పోతుంది కాబట్టి అలా అలవాటు చేశారు. ఫలితం, ఎక్కడో రాసిన వెబ్‌క్యామ్ డ్రైవర్‌లో ఒక చిన్న పొరపాటు మొత్తం కంప్యూటర్‌ను కూల్చగలదు.

కూల్చడం అన్నాను గానీ, నిజానికి నీలి తెర విండోస్ కావాలని చేసుకునే పని. కెర్నల్‌లో ఏదో తేడా కొట్టిందని తెలిశాక ఇంకా నడిస్తే, పాడైన మెమరీ డిస్క్ మీదికి ఎక్కి మన ఫైళ్లు కూడా పాడవుతాయి. అందుకే ఉన్నపళంగా అన్నీ ఆపేసి, మెమరీలో ఉన్నది ఒక డంప్ ఫైలుగా రాసి పెట్టి, రీస్టార్ట్ అవుతుంది. ఆ రంగు చూసి తిట్టుకుంటాం కానీ అది ఫ్యూజు ఎగిరిపోవడం లాంటిది. విండోస్ 11లో 2025 నుంచి ఆ తెర నల్లగా వస్తోంది. రంగు మారింది, పని అదే.

డ్రైవర్ తప్పులు ఎలా ఉంటాయో ఒకటి చూద్దాం, ఎందుకంటే అన్నిట్లోకీ పేరున్నది ఇదే. "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అనే కోడ్ చాలామంది చూసే ఉంటారు. పేరు భయంకరంగా ఉన్నా విషయం అంత కష్టమేమీ కాదు. ఏదైనా పరికరం "ముందు నా పని చూడు" అని పిలిచినప్పుడు ప్రాసెసర్ చేస్తున్న పని వదిలి అటు వెళ్తుంది. ఆ అత్యవసర స్థితిలో నడిచే కోడ్‌కు ఒక నియమం ఉంది. ర్యామ్ నిండినప్పుడు డిస్క్ మీదికి వెళ్లిపోయే అవకాశమున్న మెమరీని ముట్టుకోకూడదు. డిస్క్ నుంచి తెచ్చేదాకా ఆగే వీలు అప్పుడు ఉండదు మరి. డ్రైవర్ రాసినవాళ్లు ఈ నియమం మరిచిపోయారనుకుందాం. ఆ మెమరీ ర్యామ్‌లో ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు. వంద సార్లు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఎప్పుడో బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచి ర్యామ్ నిండిపోయిన రోజు ఆ మెమరీ ముక్క డిస్క్‌కు వెళ్తుంది, డ్రైవర్ దాన్ని ముట్టుకుంటుంది, యంత్రం పడిపోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది" అన్న మాట డ్రైవర్‌కు క్యారెక్టర్ సర్టిఫికెట్ కాలేకపోవడం అందుకే.

ఈ బెడద ఎంత పెద్దదో 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రాసిన నూక్స్ అనే పేపర్‌లో ఒక అంకె ఉంది: అప్పట్లో నమోదైన విండోస్ ఎక్స్‌పీ క్రాష్‌లలో 85 శాతానికి డ్రైవర్లే కారణం. లినక్స్ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. 2001లో స్టాన్‌ఫర్డ్ బృందం లినక్స్ కోడ్‌ను జల్లెడ పడితే, డ్రైవర్లలో తప్పుల రేటు మిగతా కెర్నల్ కంటే మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువని తేలింది. మైక్రోసాఫ్ట్‌కు పరువు పోయిన సందర్భం ఇంకా ముందే ఉంది. 1998 ఏప్రిల్‌లో విండోస్ 98ను బిల్ గేట్స్ వేదిక మీద చూపిస్తుండగా, సహాయకుడు ఒక స్కానర్ తగిలించాడు. తగిలించగానే పనిచేస్తుందని చూపించడమే ఉద్దేశం. తగిలించగానే నీలి తెర వచ్చింది. హాలంతా చప్పట్లు.

2024 జులై 19న జరిగింది మాత్రం నవ్వుకునే విషయం కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పనులు నిలిచాయి. విచిత్రమేమిటంటే డ్రైవర్‌లో ఆ రోజు ఒక్క అక్షరం మారలేదు. అది చదివే సమాచార ఫైలు మారింది. ఆ ఫైలు 21వ విలువను చూడమంది, డ్రైవర్‌కు అందేవి 20 మాత్రమే. లేని ఇరవై ఒకటో దాని కోసం చెయ్యి చాపి, తనది కాని మెమరీని ముట్టుకుని పడిపోయింది. కంపెనీ 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన యంత్రాలకు అది సాయపడలేదు. కంప్యూటర్ లేస్తూనే ఆ డ్రైవర్ లేస్తుంది, లేస్తూనే కూల్చేస్తుంది. మనుషులు చాలా యంత్రాల దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తీసేయాల్సి వచ్చింది. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్నచోట 48 అంకెల కీ కూడా కొట్టాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఇప్పుడు నా ఆదివారం దగ్గరికి వద్దాం. క్రాష్ ఫైలులో కనిపించే పేరు శవం దొరికిన చోటు మాత్రమే. నేరం ఇంకెక్కడో జరిగి ఉండొచ్చు. ఒక డ్రైవర్ తనకిచ్చిన మెమరీ దాటి నాలుగు బైట్లు పక్కవాడి జాగాలో రాసేసిందనుకోండి. ఆ క్షణం ఏమీ కాదు. పది నిమిషాల తర్వాత ఆ పక్కవాడు, అంటే ఏ ఫైల్ సిస్టమో, ఏ కెర్నలో, తన జాగాలో ఉన్న చెత్తను నమ్మి చదివి పడిపోతుంది. తెర మీదికి దాని పేరే వస్తుంది. కెర్నల్ ఫైలు పేరు కనిపించిన ప్రతిసారీ విండోస్‌ను అనుమానించడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

అందుకని నేను ఇప్పుడు పేరు కంటే ముందు క్రాష్‌లు వచ్చే వరుస చూస్తాను. నాలుగైదు క్రాష్‌ల కోడ్‌లు కాగితం మీద రాసుకుంటే చాలు. అదే కోడ్, అదే సందర్భం (నిద్ర లేచినప్పుడు, వీడియో చూస్తున్నప్పుడు, పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు) అయితే డ్రైవర్ మీద అనుమానం పెంచుకోవచ్చు. ప్రతిసారీ వేరే కోడ్, వేరే ఫైలు, వేళాపాళా లేకుండా వస్తుంటే ముందు ర్యామ్‌ను పరీక్షించాలి. మెమ్‌టెస్ట్86 లాంటి పరీక్షను రాత్రంతా నడిపి, పొద్దున చూసుకోవడం మేలు. పాడైన ర్యామ్ ముక్క అమాయకపు డ్రైవర్ల మీద నేరాలు మోపడంలో ఆరితేరింది. "డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్" వస్తే అది హార్డ్‌వేరే స్వయంగా చేసిన ఫిర్యాదు. వేడి, కరెంటు, ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ను దాని మామూలు వేగం దాటి పరిగెత్తించడం) వైపు చూడాలి, డ్రైవర్లు మారుస్తూ కూర్చోకూడదు.

ఇక విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో ఎర్రగా కనిపించే "కెర్నల్ పవర్ 41" గురించి ఒక్క మాట. దాన్ని చూసి పవర్ సప్లయ్ మార్చేసినవాళ్లు నాకు తెలుసు. అది చెప్పేదల్లా "కిందటిసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అనే. ఆ సంగతి మనకు ముందే తెలుసు కదా! దానికంటే విండోస్‌లోనే ఉన్న రిలయబిలిటీ మానిటర్ చాలా నయం. ఏ రోజు ఏ అప్‌డేట్ పడింది, ఏ రోజు నుంచి క్రాష్‌లు మొదలయ్యాయి అన్నది క్యాలెండర్‌లా పక్కపక్కన చూపిస్తుంది. మంగళవారం గ్రాఫిక్స్ డ్రైవర్ మారి, బుధవారం నుంచి ఎర్ర గుర్తులు ఉంటే సగం కేసు తేలినట్టే.

అప్పుడు డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కితే పాత డ్రైవర్ తిరిగొస్తుంది. విండోస్ తెరుచుకోకపోతే? వరసగా రెండు మూడు సార్లు బూట్ మధ్యలో ఆగిపోతే రికవరీ తెర దానంతటదే వస్తుంది. అక్కడి నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్లొచ్చు. సేఫ్ మోడ్ అంటే కనీసపు డ్రైవర్లతో నడవడం. అది వైద్యం కాదు, పరీక్ష. మామూలుగా ఐదు నిమిషాల్లో పడిపోయే యంత్రం అక్కడ రెండు గంటలు నిలబడితే, తప్పు సేఫ్ మోడ్‌లో నడవని డ్రైవర్లలోనే ఉందని గట్టిగా అనుకోవచ్చు.

గ్రాఫిక్స్ డ్రైవర్లకు మాత్రం ప్రత్యేక మర్యాద ఉంది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్ల పాటు పలకకపోతే విండోస్ దాన్ని కుదిపి లేపుతుంది. స్క్రీన్ ఒకసారి ఆరి వెలగడం, "డిస్‌ప్లే డ్రైవర్ కోలుకుంది" అన్న సందేశం రావడం అదే. నిమిషంలో ఐదు సార్లకు మించి ఇలా అయితే ఇక ఓపిక పట్టదు, నీలి తెరే.

"మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి, ఒక్క నొక్కుతో కొత్తవి వేస్తాం" అనే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి జోలికి పోవద్దనే చెబుతాను. ఒకేసారి పన్నెండు డ్రైవర్లు మార్చేశాక ఏది బాగుచేసిందో, ఏది చెడగొట్టిందో దేవుడికే తెలియాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఒకసారి ఒకటే మార్చి, రెండు మూడు రోజులు చూసి, తర్వాత ఇంకోటి.

ఇవేవీ తేల్చకపోతే విండోస్‌లోనే ఉన్న డ్రైవర్ వెరిఫయర్ ఉంది. అనుమానమున్న డ్రైవర్‌కు ఇచ్చే ప్రతి మెమరీ ముక్క పక్కనా ఇది ఎవరూ ముట్టుకోకూడని ఇంకో మెమరీ ముక్కను కాపలా పెట్టగలదు. డ్రైవర్ ఒక్క బైటు గీత దాటినా అక్కడికక్కడే, రెడ్ హ్యాండెడ్‌గా, దాని సొంత పేరుతో క్రాష్ అవుతుంది. పది నిమిషాల తర్వాత ఎవరో అమాయకుడు పడిపోయే కథ ఉండదు. అయితే ఇది కావాలని క్రాష్ చేయించే పరికరం. సేఫ్ మోడ్‌లోకి ఎలా వెళ్లాలో, దీన్ని ఎలా ఆపాలో ముందే చూసుకోకుండా మొదలుపెడితే, విండోస్ తెరుచుకోకముందే పడిపోతూ మనల్ని బయట నిలబెడుతుంది. మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లను మాత్రమే ఎంచుకోవాలి.

నా ల్యాప్‌టాప్‌కు అంతదూరం వెళ్లే అవసరం పడలేదు. విన్‌డీబీజీ అనే మైక్రోసాఫ్ట్ డీబగ్గర్‌లో మినీ డంప్ తెరిచి, విశ్లేషణ కమాండ్ ఇస్తే, కెర్నల్ పేరు కింద ఇంకో నాలుగు వరుసల తర్వాత వైఫై డ్రైవర్ పేరు బయటపడింది. "లే" అని పిలిస్తే ఆ డ్రైవర్ బదులివ్వలేదు. కెర్నల్ పాపం చూసి చూసి యంత్రాన్ని ఆపేసింది. నేను విండోస్ మళ్లీ వేసినప్పుడు అప్‌డేట్ ఆ డ్రైవర్‌నే బుద్ధిగా తెచ్చి పెట్టింది. రోగం తిరిగొచ్చిన దారి అది.

పాత వెర్షన్‌కు వెళ్లాక క్రాష్‌లు ఆగాయి. ఆ సందర్భంలోనే డివైస్ మేనేజర్‌లో తేదీలు చూస్తూ ఆశ్చర్యపోయాను. విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ డ్రైవర్లు చాలావాటికి 2006 జూన్ 21 అని ఉంది, కొన్ని ఇంటెల్ వాటికి 1968 జులై 18. రెండోది ఇంటెల్ పుట్టిన రోజు. సరిపోయే డ్రైవర్లు రెండుంటే విండోస్ తేదీ కూడా చూస్తుంది కాబట్టి, పరికరం కంపెనీ ఇచ్చిన ప్రత్యేక డ్రైవర్‌ను తమ సాధారణ డ్రైవర్ తోసేయకుండా వీళ్లు కావాలనే పాత తేదీ వేస్తారు. నా వైఫై డ్రైవర్ విషయంలో అంత మర్యాద ఎవరూ పాటించలేదు. రెండు వారాలకు విండోస్ అప్‌డేట్ కొత్త తేదీ చూసి ఆ పాడుదాన్నే మళ్లీ తెచ్చింది. మరోసారి రోల్ బ్యాక్ చేసి, ఈసారి ఆ ఒక్క అప్‌డేట్ మళ్లీ రాకుండా దాన్ని దాచిపెట్టాను.