అరెండాంక్ అటక మీది పావురాలు

బెల్జియంలో నెదర్లాండ్స్ సరిహద్దుకు దగ్గరగా అరెండాంక్ అనే చిన్న ఊరుంది. చుట్ట‌ల తయారీకి ఒకప్పుడు పేరున్న ఊరు. అక్కడి స్కూల్ వీధిలో, ఒక ఇంటి పెంకుల కప్పు కింద, అటక మీద పెరిగిన పావురాల సంతతి ఇవాళ చైనా నుంచి అమెరికా దాకా పందెం గూళ్లలో కనిపిస్తుంది. వాటినే యాన్సెన్ పావురాలు అంటారు. పావురాల పందేల లోకంలో ఇంతకు మించిన వంశం పేరు చెప్పడం కష్టం.

హెన్రీ యాన్సెన్ 1886 ప్రాంతంలో పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. తర్వాత కొడుకులు అందుకున్నారు. అన్నదమ్ముల్లో కొందరు పెళ్లి కూడా చేసుకోకుండా అదే ఇంట్లో, అదే గూటితో జీవితమంతా గడిపేశారు. వాళ్లలో చివరివాడు లూయీ 2013లో నూరేళ్ల వయసులో కన్నుమూశాడు. అంటే నూట పాతికేళ్లకు పైగా ఒకే కుటుంబం, రెండే తరాల మనుషులు, ఒకే పావురాల వరస. జంతువుల పెంపకంలో ఇంత నిలకడ చాలా అరుదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే.

మరి ఆ మొదటి పావురాలు ఎక్కడివి? ఇక్కడ 'స్వచ్ఛమైన రక్తం' అన్న మాట నిలవదు. పందెం పావురమే ఒక కలగలుపు జాతి. 19వ శతాబ్దంలో బెల్జియం పెంపకందార్లు లీజ్ వైపు చిన్న ముక్కు పావురాలను, అంట్వెర్ప్ వైపు ఇంగ్లండు క్యారియర్ అనే జాతి రక్తమున్న పెద్ద పావురాలను, ఎత్తున ఎగిరే క్యుములెట్లను కలిపి కలిపి దీన్ని తయారు చేశారు. వీటన్నిటికీ మూలం కొండరాళ్ల మీద గూడు కట్టే అడవి పావురం, కొలంబా లివియా. మన గుడి గోపురాల మీద, అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో వాలేదీ ఈ జాతే. డార్విన్ కూడా ఇంట్లో రకరకాల పావురాలు పెంచి, వాటన్నిటికీ ఈ ఒక్క పక్షే మూలమని వాదించాడు.

అందం కోసం పెంచే పావురాన్ని కంటితో చూసి ఎంచుతారు. తోక విప్పారిందా, కాళ్లకు ఈకలున్నాయా అన్నవి చూస్తారు. పందెం పావురానికి అలాంటి లెక్క లేదు. బుట్టల్లో పెట్టి వందల కిలోమీటర్ల దూరం తీసుకెళ్లి అన్నిటినీ ఒకేసారి వదులుతారు. ఒక్కో గూటికి దూరం ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఆ దూరాన్ని ప్రయాణ సమయంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లు ఎగిరిందో తేలుస్తారు. పుట్టిన కొద్ది రోజులకే కాలికి వేసిన రింగు మీద దేశం, సంవత్సరం, నంబరు ఉంటాయి. కాలు పెద్దదయ్యాక ఆ రింగు ఊడి రాదు. కాబట్టి ఏ పక్షి ఎంత వేగంగా వచ్చిందన్నది చెరగని రికార్డు. జన్యుశాస్త్రం అనే మాట పుట్టకముందే ఈ మనుషుల దగ్గర ఇంత నమ్మకమైన కొలత ఉండేది!

యాన్సెన్లు ఆ కొలతనే నమ్ముకున్నారు. ఎక్కువగా తక్కువ దూరపు పందేలే ఆడారు. గెలిచినవాటినే జతకట్టారు. బయటి రక్తాన్ని ఎప్పుడో ఒకసారి, అదీ ఆచితూచి తెచ్చుకున్నారు. 1967లో పుట్టిన ఒక పోతుకు సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్ పేరు పెట్టారు. 1975లో పుట్టిన మరో పక్షిని రింగులోని చివరి అంకెలతోనే '019' అని పిలిచారు. పావురాలు పెంచేవాళ్లు ఈ పేర్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

దగ్గరి బంధువులను జతకట్టడంలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకే రకం జన్యువులు అందితే గుణాలు స్థిరపడతాయి. పిల్లలు ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. కానీ దాగి ఉన్న లోపాలు కూడా అలాగే బయటపడతాయి, ఒంటి సత్తువ తగ్గుతుంది. ఇలా స్థిరపడిన వరసను వేరే మంచి వరసతో కలిపితే మొదటి తరం పిల్లల్లో సత్తువ పెరగడం మామూలే. మన రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నలో చూసేది ఇదే సూత్రం. యాన్సెన్ పావురాలకు బయట అంత పేరు రావడానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం. సరిహద్దుకు అవతల రూసెల్ ఊళ్లో 'క్లాక్' అనే ముద్దుపేరున్న యెఫ్ వాన్ లింప్ట్ ఈ పావురాలతో తన గూడు నింపుకున్నాడు. ఆ గూటి పిల్లలు మళ్లీ దేశదేశాలకు వెళ్లాయి.

బెల్జియం పావురాలకు మన పక్కనే మరో చరిత్ర ఉంది. ఒడిశా పోలీసు శాఖ 1946లో, మన ఉత్తరాంధ్రను ఆనుకుని ఉన్న కోరాపుట్‌లో, ఉత్తరాలు మోసే పావురాల సర్వీసు మొదలుపెట్టింది. దానిలోవి బెల్జియన్ హోమర్లే, అంటే ఎక్కడ వదిలినా తమ గూటికి తిరిగొచ్చే పావురాలే. అవి పందేలకు కాదు, వైర్‌లెస్, రోడ్డు అందని చోట్లకు కబురు మోయడానికి.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం. పిల్లకు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. మనుమడికి తాత వాటా నాలుగో వంతు. తరానికి మూడేళ్లు అనుకుంటే '019' పుట్టి ఇప్పటికి 15 తరాలు దాటాయి. ఒక్క దారిలోనే సంబంధం ఉన్న పక్షికి దాని వాటా సగటున 32,768లో ఒక వంతు. డీఎన్ఏ ముక్కలుగా అందుతుంది కాబట్టి, అసలు ఒక్క ముక్క కూడా అందకపోయే అవకాశమే ఎక్కువ. వంశపత్రంలో పేరు మాత్రం ఉంటుంది! అదే పూర్వీకుణ్ణి అనేక దారుల్లో మళ్లీ మళ్లీ తెస్తే వాటా నిలుస్తుంది. యాన్సెన్లు చేసింది అదే. అమ్మకపు కాగితం మీద 'యాన్సెన్' అని చూసినప్పుడు అడగాల్సింది ఆ పేరు ఎన్ని దారుల్లో వచ్చిందని, ఆ దారిలోని పక్షులు ఏ పందెంలో ఏ స్థానంలో వచ్చాయని.

శాస్త్రవేత్తలు కూడా వేగానికి ఒక్క జన్యువును పట్టుకోలేకపోయారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం పందెం పావురాల జన్యువులను మిగతా జాతులతో పోల్చింది. అంతకుముందు 2015లో వచ్చిన మరో అధ్యయనంలో, మెదడులో డోపమైన్ అనే రసాయనంతో పనిచేసే డీఆర్‌డీ4 అనే జన్యువు ఒక రూపానికి, పందెంలో రాణించడానికి సంబంధం కనిపించింది. రెక్కల కన్నా తలకు సంబంధించిన ఆధారం దొరకడం నాకు భలే నచ్చింది. ఇల్లు చేరడానికి సూర్యుడు, భూమి అయస్కాంత క్షేత్రం, వాసన, కింద కనిపించే రోడ్లు అన్నీ వాడుకునే పక్షి కదా! అయినా అది చాలా జన్యువుల్లో ఒకటి మాత్రమే.

2020 నవంబరులో బెల్జియంలోని ఒక ఆన్‌లైన్ వేలంలో న్యూ కిమ్ అనే రెండేళ్ల ఆడ పావురం పాట 200 యూరోలతో మొదలై 16 లక్షల యూరోలకు ఆగింది. ఇద్దరు చైనా కొనుగోలుదార్లు పోటీపడ్డారు. 2018లో అది తన వయసు పక్షుల్లో దేశ స్థాయి బహుమతి గెలిచింది. పందేల నుంచి అప్పటికే తప్పుకుంది. కొన్నది గుడ్ల కోసం, ఆ గుడ్లలోని సగం వాటా కోసం.