మందు కొట్టిన గోడకూ పరీక్ష పెట్టాలి

మలేరియా రోగిని కుట్టిన దోమ మర్నాడే ఇంకొకరికి జ్వరం అంటించలేదు. పరాన్నజీవి దోమ కడుపులో ఎదిగి లాలాజల గ్రంథులకు చేరడానికి మన వేడిలో దాదాపు 10 నుంచి 12 రోజులు పడుతుంది. ఈలోగా ఆడదోమ రెండు మూడు రోజులకోసారి రక్తం తాగాలి, గుడ్లు పెట్టాలి. తాగిన ప్రతిసారీ బరువెక్కిన కడుపుతో ఎక్కడో వాలి అరిగించుకోవాలి. చాలాసార్లు ఆ చోటు ఇంటి గోడే. గోడలకు మందు కొట్టడంలోని కిటుకంతా ఇదే. దోమలన్నీ చావక్కర్లేదు, ముసలివి కాకముందే చస్తే చాలు.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో (2022 దాకా ఇవి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనివే) ఈ స్ప్రేయింగ్ తెలియని ఊరుండదు. తూర్పు కనుమల్లో మెల్లగా పారే గెడ్డల అంచున ఎనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే మలేరియా దోమ పెరుగుతుంది. వరి మడుల్లో, నీటి గుంటల్లో పెరిగేది ఎనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే ఇంకో మలేరియా దోమ. దీనికి పశువుల రక్తమంటే మక్కువ. పగలంతా పశువులశాలలో నక్కి ఉంటుంది. శాలకు మందు కొట్టకుండా వదిలేస్తే దానికి ఏ ఇబ్బందీ లేదు.

మందు పనిచేస్తోందా లేదా తేల్చే పరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. గోడకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోన్ అతికించి, అందులోకి పది ఆడదోమల్ని వదులుతారు. 30 నిమిషాల తర్వాత తీసి, పంచదార నీళ్లలో ముంచిన దూది పెట్టి 24 గంటలు ఉంచుతారు. 80 శాతం చస్తే గోడ మీద మందుకు ఇంకా పస ఉన్నట్టు. మందులేని గోడ మీద కూడా ఇలాగే చేస్తారు. అక్కడ 20 శాతమో అంతకు మించో చస్తే మొత్తం పరీక్షే చెల్లదు, మళ్లీ మొదలుపెట్టాలి. ఈ నియమం నాకు చాలా ఇష్టం. ఎండకో, మోటుగా పట్టుకున్నందుకో చచ్చిన దోమల్ని మందు ఖాతాలో వేసుకోనివ్వదు.

ఇలాంటి పరీక్షలు చాలావరకు కాంట్రాక్టు పరిశోధనగా జరుగుతాయి. మందు, దోమతెర తయారుచేసే కంపెనీ డబ్బిస్తుంది, పరిశోధన సంస్థ పరీక్షిస్తుంది. ముందు ల్యాబ్‌లో, తర్వాత ప్రయోగాల కోసం కట్టిన గుడిసెల్లో, ఆఖరుకు ఊళ్లలో. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఇందులో పేరున్న సంస్థ. మనకు దగ్గరే, ఒడిశాలోని కొరాపుట్‌లో దానికి ఫీల్డ్ స్టేషన్ ఉంది. కంపెనీ డబ్బు తీసుకోవడం తప్పని నేననుకోను. ఏ తెరకు మందు పట్టించారో లెక్కపెట్టేవాళ్లకు తెలియకూడదు, ఫలితం చేదుగా ఉన్నా బయటపెట్టాలి. ఈ రెండూ ఒప్పందంలోనే రాసుకోవాలి. డీడీటీ అనే దోమల మందుకు క్యూలిసిఫేసిస్ దేశంలో చాలాచోట్ల లొంగడం మానేసిందని తెలిసింది ఇలా ఓపిగ్గా లెక్కపెట్టడం వల్లే.

అయితే ప్రయోగ గుడిసెను ఎవరూ అలకరు. సవర, జాతాపు గిరిజనుల ఇళ్లలో పండగకు మట్టిగోడ మెత్తుతారు, మందంతా ఆ మట్టి కిందికి పోతుంది. పోడులో పంటకు కాపలా పడుకునే మనిషికి అసలు గోడే ఉండదు. అందుకే చివరి పరీక్ష మన ఊళ్లలోనే, మన దోమల మీదే జరగాలి. ఏ మందు కొట్టారు, ఎన్నాళ్లు పనిచేస్తుంది, గోడ ఎప్పుడు అలకొచ్చు అన్నది ఆ ఇంటివాళ్లకు వాళ్ల భాషలో చెప్పాలి. సవర ఇంట్లో సవరలోనే.