పాత కారు స్టీరియోకి శాటిలైట్ రేడియో: అపోహలు – వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల కార్లకు స్టీరియోలు, స్పీకర్లు బిగించడం నా పని. చదువుకో ఉద్యోగానికో కొత్తగా వచ్చిన మన పిల్లలు ఎక్కువగా పాత కామ్రీలు, అకార్డులు కొంటారు. ఇంజన్ లక్షణంగా ఉంటుంది, స్టీరియో మాత్రం క్యాసెట్ల కాలం నాటిది. దానికి సిరియస్ ఎక్స్ఎం (నెలనెలా చందా కట్టి వినే శాటిలైట్ రేడియో) పెట్టించుకోవాలని నా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఒకరు లేనిపోని మాటలు చెప్పి, అక్కర్లేని ఖర్చు నెత్తిన పెట్టి ఉంటారు. ఇవి నేను రోజూ వినే మాటలే.

అపోహ: "అన్నా, ముందు స్టీరియో మార్చేయాలి కదా?"

అక్కర్లేదు. ఆనిక్స్ లాంటి చిన్న శాటిలైట్ రేడియోలు డాక్‌తో (రేడియోను కూర్చోబెట్టి కరెంటు, ఆడియో వైర్లు కలిపే స్టాండుతో) సహా విడిగా దొరుకుతాయి. ఆకాశం నుంచి సిగ్నల్ పట్టుకోవడం, చానల్ మార్చడం అన్నీ అవే చూసుకుంటాయి. మీ పాత స్టీరియో చేయాల్సిందల్లా ఆ శబ్దాన్ని స్పీకర్లకు అందించడమే. 2003–07 మధ్య వచ్చిన అకార్డుల్లో స్టీరియో, ఏసీ బటన్లు ఒకే ప్యానెల్‌లో కలిసి ఉంటాయి. దాన్ని పీకి వేరేది పెట్టాలంటే ప్రత్యేకమైన డాష్ కిట్ కొనాలి. రేడియో కోసం అంత పని పెట్టుకోవద్దనే చెబుతాను.

వేరే కారణాలతో స్టీరియో ఎలాగూ మారుస్తున్నారా? అయితే "సిరియస్ ఎక్స్ఎం రెడీ" అని రాసి ఉన్నది తీసుకోండి. రెడీ అంటే రేడియో అందులోనే ఉందని కాదు. ఎస్ఎక్స్‌వీ300 లాంటి ట్యూనర్ (సిగ్నల్ పట్టే పెట్టె), దాని యాంటెన్నా విడిగా కొనాలి.

అపోహ: "వైర్లెందుకు, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తో అయిపోతుందిగా?"

రేడియో శబ్దాన్ని ఎఫ్ఎం స్టేషన్‌లా గాలిలో స్టీరియోకి పంపేది ట్రాన్స్‌మిటర్. దాంతో అవుతుంది, కానీ డాలస్ లాంటి ఊళ్లో విసిగిపోతారు. ట్రాన్స్‌మిటర్ పనిచేయాలంటే ఎవరూ వాడని ఎఫ్ఎం ఫ్రీక్వెన్సీ ఒకటి కావాలి. పెద్ద నగరంలో అది దొరకడమే కష్టం. మీ వీధిలో ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ మీద పక్క ఊరు చేరేసరికి ఏదో స్టేషన్ మాట్లాడుతూ ఉంటుంది. నా చేతికి వచ్చిన ఏ కారులోనైనా ముందు ఆక్స్ సాకెట్ (బయటి పరికరం శబ్దాన్ని వైరుతో స్టీరియోకి ఇచ్చే రంధ్రం) ఉందా అని చూస్తాను. ఉంటే ఒక 3.5 ఎంఎం కేబుల్‌తో పని ముగుస్తుంది. 2000ల నాటి చాలా కార్లలో అది ఉండదు గానీ, స్టీరియో వెనక సీడీ చేంజర్ కోసం పెట్టిన పోర్ట్ ఉంటుంది. మోడల్‌కు సరిపోయే అడాప్టర్ తగిలిస్తే అదే ఆక్స్‌లా పనిచేస్తుంది.

అదీ లేకపోతే క్యాసెట్ అడాప్టర్, అంటే క్యాసెట్ ఆకారంలో ఉండి వైరుతో రేడియోకి కలిసేది. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. డెక్ (క్యాసెట్ ప్లేయర్) లోపల టేపును చదివే హెడ్ శుభ్రంగా ఉంటే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కన్నా ఇది ఎంతో నయం. లోపల పెట్టగానే డెక్ అటూ ఇటూ తిప్పుతూ బయటికి నెట్టేస్తుంటే, తప్పు చాలాసార్లు అడాప్టర్‌లోని పళ్లచక్రాలది. డెక్ విప్పకముందే ఇంకో అడాప్టర్ పెట్టి చూడండి.

క్యాసెట్ కూడా లేని కారుకు ఎఫ్ఎం డైరెక్ట్ అడాప్టర్ ఉంది. ఇది కారు యాంటెన్నా వైరుకూ స్టీరియోకూ మధ్యలో కూర్చుంటుంది. శబ్దం గాలిలో కాకుండా వైరులోనే వెళ్తుంది కాబట్టి బయటి స్టేషన్ల గోల బాగా తగ్గుతుంది. గాలిలో పంపే ట్రాన్స్‌మిటర్ నా లెక్కలో చిట్టచివరిది.

అపోహ: "యాంటెన్నా లోపల ఎక్కడో దాచేయొచ్చు."

నా దగ్గరికి "సిగ్నల్ రావట్లేదు" అని వచ్చే కార్లలో ఎక్కువ భాగం దీని బాధితులే. ఈ రేడియో 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆ తరంగాలు రేకును దాటవు. యాంటెన్నాకు ఆకాశం సూటిగా కనిపించాలి. డాష్‌బోర్డ్ కిందో గ్లవ్ బాక్స్‌లోనో పెడితే సిటీలో రిపీటర్ల (అదే సిగ్నల్‌ను నేల మీది నుంచి మళ్లీ పంపే టవర్ల) పుణ్యమా అని కాసేపు పాడుతుంది, ఊరు దాటగానే మూగబోతుంది. నేను దాన్ని రూఫ్ మీద, వెనక అద్దానికి కాస్త పైన, చుట్టూ కనీసం మూడంగుళాల రేకు ఉండేలా పెడతాను. కింద అయస్కాంతం ఉంటుంది, అతికించే పని లేదు. ముందు అక్కడి దుమ్ము తుడవండి, లేకపోతే పెయింట్ గీసుకుపోతుంది.

వైరు కోసం రంధ్రం చేయనే వద్దు. వెనక అద్దం అంచు రబ్బరును వేలితో కొద్దిగా ఎత్తి, వైరును దాని కిందకు జార్చుకుంటూ ట్రంక్ దాకా తేవాలి. ట్రంక్ రబ్బరు లోపలి అంచుకు వచ్చాక, లోపలికి వెళ్లే చోటు మూల కింది భాగంలో ఉండాలి. పైన ఉంటే వాన నీళ్లు వైరు పట్టుకుని లోపలికి దిగుతాయి. అక్కడి నుంచి వెనక సీటు కింద, తర్వాత కారు తలుపు గడప మీది ప్లాస్టిక్ కింద ముందుకు తెచ్చుకోవచ్చు. మిగిలిన వైరును కత్తిరించకండి. వదులుగా చుట్టి దాచండి.

అపోహ: "వానొస్తే డిష్ టీవీలా ఆగిపోతుంది."

ఈ ఫ్రీక్వెన్సీ మీద వాన ప్రభావం చాలా తక్కువ. ఆపేవి వంతెనలు, సొరంగాలు, పార్కింగ్ గరాజ్‌లు, దట్టమైన చెట్లు.

అపోహ: "డేటా అయిపోతుంది."

ఫోన్‌లో యాప్ వాడితే డేటా ఖర్చవుతుంది. కారులో బిగించిన రేడియోకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. వెస్ట్ టెక్సాస్‌లో ఎల్ పాసో వైపు పోతుంటే ఫోన్ సిగ్నల్ పోయిన చోట కూడా ఇది మోగుతూనే ఉంటుంది. దాని విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

అపోహ: "స్టీరియో మీద శాట్ బటన్ ఉంది, అంటే రేడియో ఉన్నట్టే."

చాలా కార్లలో బటన్ ఉంటుంది, ట్యూనర్ ఉండదు. చానల్ 0కి వెళ్లి చూడండి. రేడియో ఐడీ (ఆ రేడియో గుర్తింపు నంబరు) కనిపిస్తే ఉన్నట్టు. ఎక్స్ఎం 2001లో, సిరియస్ 2002లో మొదలయ్యాయి. 2008లో ఈ రెండు కంపెనీలు కలిసి సిరియస్ ఎక్స్ఎం అయ్యాయి గానీ ఆనాటి రేడియోల సిగ్నళ్లు వేరువేరే. సిరియస్ రేడియో ఎక్స్ఎం సిగ్నల్ పట్టదు. అందుకే సెకండ్‌హ్యాండ్ రేడియో కొనేముందు ఆ ఐడీ యాక్టివేట్ అవుతుందో లేదో కంపెనీనే అడగండి.

అపోహ: "కీచుమంటోంది, రేడియో పాడైంది."

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ కీచు పెరుగుతుంటే అది ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారుచేసేది) నుంచి వస్తున్న శబ్దం. రేడియోకూ స్టీరియోకూ గ్రౌండ్ (కారు బాడీకి తగిలించే నెగటివ్ వైరు) వేరువేరు చోట్ల ఉంటే ఇలా జరుగుతుంది. రెండూ ఒకే చోట గ్రౌండ్ చేస్తే చాలావరకు పోతుంది, లేదంటే ఆడియో కేబుల్ మధ్యలో ఆ కీచును అడ్డుకునే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. ఇంకో జాగ్రత్త: ఇప్పటి డాక్‌లకు కావాల్సింది 5 వోల్ట్‌లు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ప్లగ్ లోపలే 12ని 5కి దించే సర్క్యూట్ ఉంటుంది. ఆ ప్లగ్ కోసేసి ఫ్యూజ్ బాక్స్ నుంచి నేరుగా 12 వోల్ట్‌లు ఇస్తే డాక్ కాలిపోతుంది.

అపోహ: "ఇండియాకు తీసుకెళ్లినా పనిచేస్తుంది."

పనిచేయదు. ఆ శాటిలైట్ల సిగ్నల్ ఉత్తర అమెరికాకే. ఇండియాలో వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో ఉండేది, దాంట్లో స్పందన అనే తెలుగు చానల్ వచ్చేది. 2009 చివర్లో అది మూతపడింది. అమ్మానాన్నల ఇంట్లో దాచిన ఆ సెట్లు ఇక్కడ తెచ్చి తగిలించినా మోగవు, ఎందుకంటే ఫ్రీక్వెన్సీ కూడా వేరు.

అపోహ: "బిగించగానే చానళ్లన్నీ వచ్చేస్తాయి."

కంపెనీకి రేడియో ఐడీ చెప్పి యాక్టివేట్ చేయించాలి. ఐడీలో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు ఉండవు. ఓ లా కనిపిస్తే అది సున్నా, ఐ లా కనిపిస్తే ఒకటి. కారును గరాజ్ బయట ఆకాశం కిందకు తెచ్చి, చానళ్లు వచ్చేదాకా రేడియో ఆన్‌లోనే ఉంచండి. కంపెనీతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఆఫర్ ధర ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత, మ్యూజిక్ రాయల్టీ ఫీజు, పన్నులు కలిపితే మొత్తం ఎంత అని అడిగి, ఆఫర్ ముగిసే తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.